లోడంటే రాయి కదా

1956లో కడప ఊరి చివర నాకు టైర్ల అంగడి ఉండేది. బండల గనులకు తిరిగే లారీలే నా బేరం. టైరు మీద ప్లై అని ఒక అంకె ఉంటుంది. లోపలి గుడ్డ పొరల బలాన్ని చెప్పే అంకె అది. ఎంత ఎక్కువైతే టైరు అంత బరువు మోస్తుంది. అలాగని మరీ ఎక్కువ వేస్తే టైరు బిగుసుకుని, గని దారికి అడ్డంగా పారే వంకలోని ఇసుకలో కూరుకుపోతుంది. అందుకే ముందు బరువు అడిగి, దానికి తగినదే ఇచ్చేవాణ్ణి.

లారీ యజమాని ఓబుల్రెడ్డినీ అలాగే అడిగాను.

"లోడ్ ఎంతుంటాది, రెడ్డన్నా?"

"నాలుగు టన్నులు. పైన ఒక్క రాయి ఎక్కియ్యనప్పా."

మాట మీద నిలబడే మనిషి. నాలుగు టన్నులకు తగిన ఎనిమిది-ప్లై టైర్లు బిగించి పంపాను. నా లెక్క మీద నాకు కాస్త గర్వం కూడా.

మూడో వారం ఆయన మనిషి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. వంకలో వెనక టైరు పేలిందట. ఎక్కువ రాయి ఎక్కించి ఉంటాడని దారి పొడుగునా రెడ్డిని తిట్టుకుంటూ పోయాను. లారీ పక్కకు ఒరిగి ఉంది. రెడ్డి దాని దగ్గరే నిలబడి ఉన్నాడు. బండలు సగం ఇసుకలో పడ్డాయి. పట్టుబట్టి బండలన్నీ లెక్కపెట్టి బరువు కట్టాను. సరిగ్గా నాలుగు టన్నులే.

అప్పుడు కనిపించాయి, బండల మధ్య నలిగిపోయిన సద్ది గిన్నెలు.

"ఇవెవరివి?" రెడ్డిని అడిగాను.

"కూలోళ్లవి. పని అయినాక బండల మీద కూచోని ఊరికొస్తారు. ముప్పై మంది దాకా ఉంటారు."

"మరి నాకు చెప్పలేదే?"

రెడ్డి అయోమయంగా చూశాడు. "మనుషులు లోడెట్లయితారప్పా? లోడంటే రాయి కదా."

మనసులోనే లెక్క కట్టాను. ముప్పై మంది అంటే టన్నున్నర. పక్కనే ఎద్దుల బండిలో గంగమ్మ అనే కూలీని పడుకోబెట్టి ఉన్నారు. బండ కింద పడి కాలు నుజ్జయింది. నన్ను చూసి మెల్లగా అడిగింది. "టైర్లిచ్చిన ఆయప్పవి నువ్వేనా? మేమూ ఉండామని నీకెవరూ చెప్పలేదా నాయనా?"

ఆసుపత్రిలో ఆ కాలు తీసేశారు.

ఆ తర్వాత ఎవరొచ్చినా, పైన ఎంతమంది ఎక్కుతారన్నదే నా మొదటి ప్రశ్న. కానీ ఆ రోజు గంగమ్మ అడిగినదానికి అసలు జవాబు వేరే ఉంది. నాకు ఎవరూ చెప్పాల్సిన పనే లేదు. బండల మీద మనుషులతో ఆ లారీలు రోజూ సాయంత్రం నా అంగడి ముందు నుంచే పోయేవి.