చల్లడంలో కుట్టిన మెత్త

మా అల్లుడుగారు కాకినాడ నుంచి సైకిలు తెప్పించుకుని నాలుగు రోజులైంది. నిన్న ఆమడ దూరం తొక్కి వచ్చి, కూర్చోలేక నిలబడే మజ్జిగ తాగుతూ, సీటుకు మెత్త కుట్టించాలా, లాగుకే వేయించాలా అని మా అమ్మాయితో పొద్దుపోయేదాకా వాదించి, చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. తట్టువ గుర్రాల మీద కాలువ గట్లు తిరిగిన నా ఈడు వాళ్ళకు ఈ వాదన కొత్తదేమీ కాదు.

ఇరవై రెండో ఏట నాకు కాలువల ఆఫీసులో తాత్కాలికపు గుమాస్తా పని దొరికింది. నాన్నగారు పోయి ఏడాది. మొగల్తూరులో అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ నా జీతం మీదే బతకాలి. మా ఆఫీసు దొరగారు నిడదవోలు నుంచి తనిఖీకి బయలుదేరితే కాగితాల సంచీతో పక్షం రోజులు వెనకే స్వారీ చెయ్యాలి, వెనకబడకపోతే ఉద్యోగం ఖాయం. నేనా ఎద్దుబండి తప్ప ఎక్కి ఎరగను. అద్దె తట్టువ మీద నాలుగు రోజులు నేర్చుకునేసరికే తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోయాను. అమ్మ అది చూసి, తన పాత చీర మడతల మధ్య దూది పరిచి, బొంత కుట్టినట్టు దగ్గర దగ్గర కుట్లతో, పంచె కింద తొడుక్కునే నా చల్లడానికి లోపల మెత్త వేసింది.

తొడుక్కుంటే వెనక ఎత్తుగా కనబడింది. బంట్రోతులు నవ్విపోతారని సిగ్గేసి, నిడదవోలు సత్రంలో ఆ కుట్లన్నీ విప్పి, మెత్తను జీను కింద దోపాను. మెత్త ఎక్కడుంటే ఏమిటని నా తెలివి! అది ముడుచుకుపోయి ఉండకట్టి, మూడోనాటికి తట్టువ వీపు పుండైంది. దొరగారు జీను ఎత్తి చూసి మొహం తిప్పుకున్నారు. హెడ్డు గుమాస్తాగారు మాత్రం, "నోరులేని జీవం కదండీ, దిగి నడవండి" అన్నారు. మిగిలిన పన్నెండు రోజులూ దాని కళ్ళెం పట్టుకుని నడిచాను. రోజూ నేను మకాం చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయేవి. ఖాయం సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు.

మెత్తనూ చల్లడాన్నీ కాలువలో పారేసి ఇంటికి వచ్చి, అవి చిరిగిపోయాయనీ, స్వారీ చెయ్యలేక నడిచాననీ అమ్మతో చెప్పాను.

"కుట్లు గట్టిగా పడలేదేమోరా నాయనా, నా చేతులే అంత" అంది.

నేను కాదనలేదు. ఎంత నీచుణ్ణో అప్పుడే తెలుసు నాకు.

చూపు సరిగా ఆనకపోయినా, అమ్మ చెల్లెళ్ళ చేత సూదిలో దారం ఎక్కించుకుని, మధ్యాహ్నాలు వీధి అరుగు మీద వెలుతురులో కూర్చుని ఇంకొకటి కుట్టింది. మరుసటి ఏడు దాన్ని తొడుక్కునే పక్షం రోజులూ స్వారీ చేశాను. ఎవరూ నవ్వలేదు సరికదా, నా వంక చూసినవాళ్ళే లేరు. ఉద్యోగం ఖాయమైందని చెప్పగానే అమ్మ, "చూశావా, ఈసారి సరిగ్గా కుట్టాను" అని మురిసిపోయింది.

ఇప్పుడు రైలొచ్చింది, రోడ్లు పడ్డాయి, ఆనాటి పక్షం రోజుల దారి పూటలో తెమిలిపోతోంది. గుర్రం ఎక్కి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు; మెత్తటి పరుపు మీద పడుకున్నా ఒళ్ళు అలిసిపోయే ఉంటుంది. అమ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. మొదటిదీ సరిగ్గానే కుట్టావమ్మా అని చెప్పడానికి అన్నేళ్ళలో నాకు ఒక్క పూట దొరకలేదు.