వంటాయన పూర్తి జవాబు

"డబ్బులు తీసుకోకుండా మాకెందుకు చెప్తున్నారమ్మా? ఇంట్లో మీ మాట వినేవాళ్ళు లేరా?"

పరాయి దేశంలో, మొదటి క్లాసులోనే, క్రేన్ డ్రైవర్ ఇంగ్లీషు చెప్పడానికొచ్చిన ఆవిడని అడిగిన ప్రశ్న ఇది. పదహారు మంది తెలుగు కూలీలూ గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వకపోతే నిజమని తేలిపోతుంది కదా.

విద్యాదానం, సేవాభావం లాంటి బరువైన మాటలు ఆవిడకి అంటగట్టడం అన్యాయం. ఇంట్లోంచి బయటపడటానికి ఇంగ్లీషు చెప్పింది, అంతే. భర్త ఒక ఆస్పత్రి స్టోర్సులో గుమాస్తా. ఆయన వీసాకి తోకలా వచ్చింది. పాస్‌పోర్టులో ముద్ర కొట్టారు: డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు. సొంతూళ్ళో పన్నెండేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, ఆరో అంతస్తులో రెండు గదుల మధ్య తిరుగుతూ, ఎదుటి బాల్కనీలో ఆరేసిన చొక్కాలు లెక్కపెట్టే స్థితికి వచ్చింది. కిటికీ రెండంగుళాలకి మించి తెరుచుకోదు. కింద గేటు దాటితే మళ్ళీ లోపలికి రావడానికి కార్డు కావాలి. ఇంటికి ఒకటే కార్డు, అది భర్త జేబులో. ఆయన చెడ్డవాడేం కాదు. "ఎండలో నువ్వెందుకు? ఏం కావాలో చెప్పు, నేను తెస్తాగా," అనేవాడు. తెచ్చేవాడు కూడా. అక్కడే వచ్చింది చిక్కు.

జీతం లేని పనికి ముద్ర అడ్డురాదని ఎవరో చెప్పాక, కూలీల క్వార్టర్సులో, భోజనాల హాల్లో, సెలవురోజు రెండు గంటలు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పడానికి వాళ్ళ కంపెనీ ఒప్పుకుంది. ఊరికే చెప్తానని ఆవిడ చేత సంతకం పెట్టించుకుంది. వారానికి ఆ ఒక్క పూటే గేటు కార్డు ఆవిడ చేతికొచ్చేది.

క్లాసులో ఆవిడ పెట్టిన పద్ధతులు కటువైనవే. తెలుగు ముక్క దొర్లితే డబ్బాలో ఒక నాణెం వేయాలి. అడిగినదానికి అవును, కాదు అని తప్పించుకోకూడదు. ఏమిటి, ఎంత, ఎప్పటినుంచి, అన్నీ విప్పి చెప్పాలి. డబ్బా పాలపొడిది. అందులో పోగైనది జిరాక్సులకీ టీకీ సరిపోయేది. హాల్లో వదిలితే ఉండదని ఆవిడే సంచిలో ఇంటికి తీసుకెళ్ళేది.

ఎక్కువ నాణేలు ఆ క్వార్టర్సు వంటాయనవే. ఇరవై ఏళ్ళుగా గరిటె తిప్పిన మనిషి, నోరు మాత్రం ఇంగ్లీషు వైపు తిరిగేది కాదు.

"నువ్వు నేర్చుకోకు మావా, నీ పుణ్యాన టీ తాగుతున్నాం," అనేవాడు డ్రైవర్.

"నోర్ముయ్ అల్లుడూ," అని, ఆ తిట్టుకి ఇంకో నాణెం వేసేవాడు వంటాయన.

ఎనిమిదో నెలలో కార్మిక శాఖ నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. వంటగది చూడటానికి వచ్చినవాడు హాల్లో క్లాసు జరుగుతుంటే, పాఠం రాసిన బోర్డు చూసి ఆగాడు. పక్కనే ఉన్న వంటాయన్ని ఇంగ్లీషులో అడిగాడు: ఈవిడ ఎవరు, మీరు ఈవిడకి డబ్బులిస్తున్నారా?

వంటాయన లేచి నిలబడ్డాడు. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు. ఇస్తున్నామన్నాడు. ప్రతి వారం ఇస్తున్నామన్నాడు. అందరికంటే తానే ఎక్కువ ఇస్తానన్నాడు. ఎనిమిది నెలల నుంచి ఇస్తున్నామని, డబ్బా మేడమ్ ఇంటికి తీసుకెళ్తారని, అంతా ఇంగ్లీషులో, ఒక్క తెలుగు ముక్క లేకుండా చెప్పాడు. ఆవిడ ముఖంలో ముందు గర్వమే వచ్చింది. భయం రావడానికి ఇంకో క్షణం పట్టింది.

"అయిపోయాం మావా," అన్నాడు డ్రైవర్ మెల్లగా.

జిరాక్సులూ టీ అని ఆవిడ ఎంత చెప్పినా, రసీదులేవని అడిగాడు అధికారి. టీకొట్టువాడు రసీదులిస్తాడా? అనుమతి లేకుండా డబ్బు తీసుకుని పనిచేసినట్టు రాసుకుపోయాడు. క్లాసు ఆగిపోయింది. వారం తిరగకుండా ఆవిడ పాస్‌పోర్టు కార్మిక శాఖ ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. పెనాల్టీ భర్త నాలుగు నెలల జీతం.

భర్త అరవలేదు. "నేను చెప్పలేదూ, ఏం కావాలన్నా నేనే తెస్తానని?" అన్నాడు. కార్డు మళ్ళీ ఆయన జేబులోకి చేరింది.

వంటాయన ఫోన్ చేశాడు. "టీచరమ్మా, నేను తప్పు చెప్పానా?"

"లేదు బాబాయ్ గారూ. అంతా సరిగ్గానే చెప్పారు."

"పెనాల్టీకి మేమంతా తలా కాస్త వేసుకుంటామమ్మా," అన్నాడు.

"ఆ పని మాత్రం చేయకండి. మళ్ళీ మీ దగ్గర పైసా తీసుకున్నానంటే ఇంకో కేసు."

పెనాల్టీ కడితేగానీ దేశం దాటనివ్వరు. కట్టడానికి పనిచేద్దామంటే ముద్ర ఒప్పుకోదు. ఇరవై నాలుగు వాయిదాలుగా భర్త జీతంలోంచి కోస్తున్నారు. ఏడు తీరాయి. పదిహేడు బాకీ.