వైరు చివరి మూతకు పెట్టిన బొట్టు

తెక్కలకోట దగ్గరి రైసుమిల్లులో ఒకామె కంప్యూటర్లు పాడుచేసి ఉద్యోగం పోగొట్టుకుందని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. పాడుచేసింది ఆమె కాదు, నేను.

బళ్లారి గాంధీనగర్‌లో నాకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉంది. ఆ మిల్లు పని చూసేది కూడా నేనే. ఈ కాలంలోనూ అక్కడ మూడు పాత కంప్యూటర్లు ఒకే నల్లటి వైరు మీద నడుస్తున్నాయి. చూడ్డానికి టీవీ కేబుల్‌లా ఉంటుంది. పాత బిల్లింగు ప్రోగ్రాం పోతుందన్న భయంతో మిల్లు యజమాని సావుకారు దాన్ని మార్చనివ్వడు. వైరు ఒక కొస లారీలు తూచే వేబ్రిడ్జి గదిలో, ఇంకో కొస సావుకారు గదిలో, నడుమ లెక్కలు చూసే ఆమె టేబులు. రెండు కొసలకూ బొటనవేలి కొనంత మూతలుంటాయి. వాటిని టెర్మినేటర్లంటాం. కొసకు వచ్చిన సిగ్నల్‌ను ఆ మూత మింగేయాలి. లేకపోతే అది గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి, మూడు కంప్యూటర్లూ మూగబోతాయి.

పోయిన ఆయుధపూజకు సావుకారు నన్నూ పిలిచాడు. లారీలకు, మోటార్లకు, తూకానికి బొట్లు పెడుతున్నారు. కొబ్బరినూనెలో కలిపిన కుంకుమ గిన్నె నా చేతిలో పెట్టి, "నీ మిషన్లకు నువ్వే పెట్టప్పా" అన్నాడు. మానిటర్లకు పెట్టాను. అక్కడితో ఆగితే సరిపోయేది. వేబ్రిడ్జి గదిలో ఆ మూతను కూడా ఊడదీసి, తుడిచి, దానికీ అది దూరే చోటుకూ కుంకుమ మెత్తి మళ్లీ బిగించాను. అన్నిటికీ ప్రాణం ఇక్కడే ఉందని తూకం మనిషికి గొప్పగా చెప్పాను కూడా.

లెక్కలు చూసే ఆమె చర్చికి వెళ్లే మనిషి. పూజ అయ్యేదాకా వాకిట్లో నిలబడి, తర్వాత తన కీబోర్డు మీద రాలిన కుంకుమను గుడ్డతో తుడుచుకుంది.

సెలవు తర్వాత మిల్లు తెరిచిన రోజు కంప్యూటర్లు మూగబోయాయి. వడ్ల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు దాకా నిలిచిపోయాయి. నేను బస్సు దిగి వెళ్లేసరికి అందరూ ఆమె టేబులు చుట్టూ ఉన్నారు.

"బొట్టు తుడిస్తే ఇట్లే అయితాది," అన్నాడు తూకం మనిషి.

"కీబోర్డు తుడుచుకుంటి, అంతే. వైరు దిక్కుకు కూడా పోలేదన్నా," అంది ఆమె నాతో.

మీటరు పెట్టి చూశాను. రెండు మూతలూ బాగుంటే ఇరవై అయిదు ఓమ్‌లు చూపాలి, యాభై చూపింది. అంటే ఒక కొస పని చేయడం లేదు. వేబ్రిడ్జి గదిలోని మూతను, అది బిగించిన జాయింటుతో సహా తీసి జేబులో వేసుకుని, వేరేవి పెట్టాను. కంప్యూటర్లు పలికాయి.

"ఏమయిండెనప్పా? ఆయమ్మ లాగిందా?" అన్నాడు సావుకారు.

బయట హారన్లు మోగుతున్నాయి. "లాగినట్టే ఉండాది," అన్నాను. తీసిన ముక్కలను కన్నెత్తి చూడకుండానే అన్నాను. ఆ సాయంత్రమే ఆమెను పనికి రావద్దన్నారు.

అలాంటి జాయింట్లు ఇప్పుడు దొరకవు. కడిగి దాచుకుందామని తర్వాత అంగడిలో దాన్ని విప్పాను. లోపల ఎర్రగా ఉంది. మూత సూది దూరాల్సిన రంధ్రం నిండా నూనె కుంకుమ గట్టిపడి ఉంది. అక్కడికి నా వేలు తప్ప ఎవరి వేలూ పోలేదు. అంగడి మూసి బస్సెక్కాను.

తెక్కలకోటలో ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను. గుమ్మంలోనే ఆపి అడిగింది.

"ఇప్పుడు వచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభమన్నా? నలుగురిలో అంటివి, నలుగురిలోనే చెప్పు పో. సిరుగుప్పలో విత్తనాల అంగట్లో పని అడిగితే, కంప్యూటర్లు చెడగొట్టినామె నువ్వేనా అంటాండారు."

నేరుగా మిల్లుకు వెళ్లి, వడ్లు తెచ్చిన రైతుల ముందే సావుకారుకు జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. నవ్వాడు.

"తెలుసులేప్పా."

"ఏంది తెలుసు?"

తూకం మనిషి అందుకున్నాడు. "నువ్వు మూత ఊడదీసి కుంకుమ మెత్తేది నేను చూడలేదా? పెద్ద డాక్టరు మాదిరి చెప్తివి కదప్పా, ప్రాణం ఈడే ఉండాదని!"

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?"

"మా తమ్ముని కొడుక్కు ఆ లెక్కల పని ఇయ్యాలని ఉండె," అన్నాడు సావుకారు, చేత్తో టీ తెమ్మని సైగ చేస్తూ. "ఏం చెప్పి ఆయమ్మను పంపాలా అని చూస్తాంటిమి. రిపేరు చేసేటోడివి, నువ్వే అంటివి. ఇంగేం కావాల? ఊరికే కూర్చో, చా తాగు."

వచ్చిన గ్లాసు నేను అందుకోలేదు. రైతులు మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నారు. సావుకారుకూ తూకం మనిషికీ ఆ పొద్దు నా నోటి మాట ఒక్కటే తక్కువైంది, అడగ్గానే ఇచ్చేశాను.

మరునాడు ఆమెతో సిరుగుప్ప వెళ్లి విత్తనాల అంగడాయనకు అంతా చెప్పాను. "మిల్లువాళ్లు వేరే చెప్తాండారే," అన్నాడాయన. ఆలోచించుకుని చెబుతానన్నాడు. తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. దిగేదాకా నా వైపు తిరగలేదు. ఆయన నుంచి కబురు ఇంకా రాలేదు.