అబిగయీలు గీసిన స్టాంపు

అబిగయీలు తల్లి రెబెక్కమ్మ ఒకప్పుడు కావలి వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో ఆయా. అక్కడి దొరసాని డాక్టరుకు విదేశాల నుంచి ఉత్తరాలొచ్చేవి. ఆమె పారేసిన కవర్ల నుంచి స్టాంపులున్న మూలలు చించి రెబెక్కమ్మ కూతురికి తెచ్చిపెట్టేది. వాటి మీద ఎక్కువగా పాతకాలపు చిత్రకారులు గీసిన మనుషుల మొహాలు: తలగుడ్డ చుట్టుకుని వెనక్కి తిరిగి చూసే పిల్ల, గడ్డం నెరిసిన ముసలాయన, కిటికీ పక్కన కూర్చుని బట్ట కుట్టే ఆవిడ. అబిగయీలు వాటిని నీళ్లలో నానబెట్టి, ఊడదీసి, ట్రంకుపెట్టె మూత లోపలివైపు గంజితో అంటించుకుంది.

కుట్టే ఆవిడ మొహాన్ని ఎంత చూసినా తనివి తీరేది కాదు. వెలుగు ఒక చెంప మీదే పడుతుంది, రెండోది నీడలో ఉంటుంది, అయినా మనిషి పూర్తిగా కనిపిస్తుంది. అదెలాగో తేల్చుకోవాలని పలక మీదా, బొగ్గుతో గోడల మీదా గీస్తూనే పెరిగింది.

పెళ్లయి బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరికి వచ్చాక ఆ చెయ్యే కూడు పెట్టింది. పడవలకు రంగులేసి నెంబర్లు, పేర్లు రాస్తుంది. బొమ్మంటే సొరచేపో, గద్దో, సినిమా హీరోనో. సొంత మనిషిని గీయమన్నవాళ్లు లేరు.

ఆ ఊరి జాలరి చిన్నపోలయ్య కొత్త పడవ కొన్నప్పుడు, ముందు భాగం మీద ఏం వేయమంటావని అబిగయీలు అడిగితే తల గోక్కున్నాడు.

"మీ అమ్మను గీస్తా, అన్నా" అంది అబిగయీలు. "ఆమె ఇన్నేళ్లు చేపల గంప మోస్తేనే కదా ఈ పడవొచ్చింది."

"ముసిల్దాని మొహం చూస్తే చేపలు పారిపోతాయిరా" అన్నాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వారు. చిన్నపోలయ్య నవ్వలేదు. "గియ్యి మే" అన్నాడు.

తల్లి వెంకటశేషమ్మ ఒప్పుకోలేదు. "నన్ను కూర్చోబెట్టేదేంది? నాకు పనుండాది." దాంతో అబిగయీలే పొద్దున్నే రేవుకు వెళ్లి, ఆమె చేపలు ఏరుతుంటే చూసింది. సముద్రం మీంచి వచ్చే ఎండ ఒక చెంప మీదే పడుతోంది. ఆ చెంపకు పసుపు కలిపిన వెలుగు, రెండోదానికి నలుపు లేకుండా నీలమూ మట్టిరంగూ కలిపిన నీడ. పడవ మీద మొదటిసారి వేసినప్పుడు మొహం బిగుసుకుపోయినట్టు వచ్చింది. కిరసనాయిలుతో తుడిచేసి మళ్లీ వేసింది. ఆకువక్కతో పండిన పెదాలు, ఎండకు చికిలించిన కళ్లు, వంకర తిరిగిన ముక్కు, ఏదీ దాచలేదు.

రంగు ఆరాక వెంకటశేషమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"నా ముక్కు ఇంత వంకరుండాదా మే?"

"ఉండాది పెద్దమ్మా. సరిచెయ్యమంటే చేస్తా."

"వద్దు. అట్టనే ఉండనీ."

మనమిచ్చిన ఫొటోతో స్టాంపులు వేసిస్తారని ఎవరో చెబితే, చిన్నపోలయ్య ఆ బొమ్మను ఫోనులో తీసుకుని నెల్లూరు పెద్ద పోస్టాఫీసుకు వెళ్లాడు. స్టాంపుల షీటు చేతికొచ్చిన రోజు నేరుగా అబిగయీలు ఇంటికే వచ్చాడు. గోరంత మొహం. అయినా చెంప మీది ఎండ అలాగే ఉంది. అబిగయీలు ఒక స్టాంపు విడదీసి, ఇప్పుడు తన దగ్గరే ఉంటూ మంచం మీదున్న తల్లి చేతిలో పెట్టింది.

రెబెక్కమ్మ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "బాగుండాదే. ఏ దేశందిది?"

"మనదేనమా. నేను గీసిందే."

ముసలామె స్టాంపును చీర చెంగుతో మెల్లగా తుడిచి, మళ్లీ చూసింది. తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు వెంకటశేషమ్మ గూడూరులో ఉన్న కూతురికి ఉత్తరం రాయించి, దాని మీద తన మొహమే అంటించి, అబిగయీలును వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లింది. పోస్టుమాస్టరు ముద్ర ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"మొహం మీద కొట్టమాక నాయనా, మూల మీద కొట్టు. ఇదిగో, గీసిన బిడ్డ ఈడే ఉండాది."

ఆయన లేచి నిలబడి అబిగయీలుకు నమస్కారం పెట్టి, ముద్ర మూల మీదే కొట్టాడు.

ఇప్పుడు ఆ రేవులో ఇంకొన్ని పడవల మీద అమ్మలున్నారు. ఒకదాని మీద తుపానులో పోయిన తండ్రి ఉన్నాడు. ప్రతి బొమ్మ కిందా ఎర్రరంగుతో, దూరం నుంచి కూడా చదివేంత పెద్దగా, అబిగయీలు తన పేరు రాసుకుంటోంది.