ఎడమవైపు పల్లం

ముప్పైయేళ్ళు ఢిల్లీలో ప్రాచీన కావ్యాలు పాఠం చెప్పాను. వాటిలో ప్రేతాలు కనిపించిన ప్రతిచోటా, భయానికి రూపుకట్టడం కవులకు ఒక పద్ధతి అని విద్యార్థులకు వివరించేవాణ్ణి. నా నమ్మకమూ అంతే. నేటికీ అది పెద్దగా మారలేదు. జరిగినదాన్ని జరిగినట్టు రాసిపెట్టడం మాత్రం ధర్మమనిపించింది.

మేముండేది ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో, మూడో అంతస్తు ఫ్లాటులో. నా భార్య సుభద్రకు నడుమునొప్పి. మాతోనే ఉంటున్న మా అమ్మాయి మైథిలి రెండేళ్ళ క్రితం మెమరీ ఫోమ్ పరుపు తెప్పించింది. దానిమీద చెయ్యి నొక్కి తీస్తే ముద్ర కాసేపు నిలిచి, మెల్లగా పూడుకుంటుంది. ఒక సీసపద్యం చదివి ముగించేలోగా నా అరచేతి గుర్తు మాయమయ్యేది.

సుభద్ర ఎడమవైపున, మోకాళ్ళు ముడుచుకుని, నావైపు తిరిగి పడుకునేది. నేను గురకపెడితే పిడికిలితో నా భుజాన్ని పొడిచేది. ఎన్నో ఏళ్ళ తరువాత ఇద్దరికీ సుఖనిద్ర దొరికింది ఆ పరుపు మీదనే. ఒకరోజు దుప్పటి మారుస్తూ అన్నది: "ఏమండీ, నేను ముందు పోతే శయ్యాదానానికి ఈ పరుపే ఇవ్వండి. పేరుకో బొంత ఇచ్చి చేతులు దులుపుకోకండి. పుచ్చుకున్నవాళ్ళకీ నడుములుంటాయి."

సరేనన్నాను.

గత శీతకాలంలో ఆమె పోయింది. పోయినవారి పేర పదకొండవనాడు పడకను దానమివ్వడం మా ఇళ్ళలో ఆచారం. ఘాజియాబాద్ నుంచి పురోహితులు శాస్త్రిగారు వచ్చారు. నేను ఆయనకు బజారులో కొన్న పల్చని దూదిపరుపు ఇచ్చాను. ఇచ్చిన మాట మరచి కాదు. నా నడుము ఫోముకు అలవాటుపడింది. "పర్వాలేదండీ, ఇక్కడ అందరూ ఇలాంటిదే ఇస్తున్నారు" అన్నారు శాస్త్రిగారు. ఆ మాటను నేను ఆసరాగా తీసుకున్నాను.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పుడు, ఎడమవైపు పల్లం కనిపించింది. భుజం, నడుము, ముడిచిన మోకాళ్ళు. పద్యం ఒకసారి చదివాను, రెండోసారి చదివాను. అది పూడలేదు. సాయంత్రానికి సమమైంది. మరునాడు మళ్ళీ అదే.

మైథిలి కూడా చూసింది. "అమ్మ పడుకున్నవైపు కుంగినట్టుంది నాన్నగారూ. తలవైపు కాళ్ళవైపుకి తిప్పేద్దాం" అన్నది. ఇద్దరం కలిసి పరుపును తిప్పాం. అలా తిప్పితే పాత పల్లం నా వైపుకు రావాలి. రాలేదు. మరునాటి మధ్యాహ్నం పల్లం ఎడమవైపే ఉన్నది, తల తలగడ దగ్గరే.

ఆ రోజుల్లోనే మైథిలి మరొక మాట అన్నది. "మీ గురక ఇలా మొదలై అలా ఆగిపోతోంది. అచ్చం అమ్మ ఉన్నప్పటిలాగే. ఫోమ్ మహిమ."

వారంటీ ఉన్నదని తనే కంపెనీకి ఫిర్యాదు చేసింది. వచ్చిన మనిషి పరుపుకు అడ్డంగా కడ్డీ పెట్టి, స్కేలుతో లోతు కొలిచి, కాగితం మీద ఆకారం గీసుకున్నాడు. తరువాత తల అడ్డంగా ఊపాడు.

"మాల్ ఠీక్ హై అంకుల్‌జీ. అభీ అభీ కోయీ ఉఠా హై." సరుకు బాగానే ఉంది, ఎవరో ఇప్పుడే లేచారు, అంతే అని.

ఇటువైపు ఎవరూ పడుకోరని చెప్పాను. అతడు నవ్వాడు. "అచ్ఛా? ఆంటీజీ ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి పడుకుంటారనుకుంటా" అన్నాడు హిందీలో. తరువాత నా తలగడకు కాస్త కింద, పరుపు మధ్యగా ఉన్న చిన్న గుంటను స్కేలుతో చూపించాడు. "యహాఁ క్యా రఖ్తీ హైఁ?" ఆవిడ ఇక్కడేం పెట్టుకుంటారు అని.

పిడికిలి పట్టేంత గుంట. అప్పటిదాకా నేను దాన్ని గమనించలేదు. మైథిలి కిటికీవైపు తిరిగింది.

ఇక నేను తేల్చుకోవలసింది ఒకటే: నా నిద్ర ముఖ్యమా, ఆమెకిచ్చిన మాట ముఖ్యమా. తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ హాయిగా నిద్రపోయానని ఒప్పుకోవాలి. పదోనాటి ఉదయం శాస్త్రిగారిని పిలిపించి, సుభద్ర పేరు చెప్పి, నీళ్ళు వదిలి ఆ పరుపు దానమిచ్చాను. టెంపోలోకి ఎక్కిస్తుంటే ఆయన మొహమాటపడ్డారు. "ఒకసారి ఇచ్చారు కదండీ" అన్నారు. అప్పుడిచ్చినది ఆమె చెప్పినది కాదన్నాను.

నెల తరువాత ఆయనకు ఫోన్ చేశాను. "బ్రహ్మాండమైన నిద్రండీ! మా ఆవిడ నడుమునొప్పి మాటే ఎత్తడం లేదు. పల్లమా? అబ్బే, అలాంటిదేమీ లేదే" అన్నారు.

కంపెనీ మనిషి గీసి వదిలిపోయిన కాగితం నా బల్ల సొరుగులో ఉన్నది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. తెలిసిన హేతువులన్నీ వరుసగా పెట్టి చూశాను. పరుపును తిప్పిన రోజు దగ్గర ప్రతి హేతువూ ఆగిపోతున్నది.

ఇప్పుడు నేను పడుకునేది బజారులో కొన్న మరో దూదిపరుపు మీద. కుడివైపునే పడుకుంటాను. మొన్న కాఫీ ఇస్తూ మైథిలి అన్నది:

"నాన్నగారూ, మీ గురక ఇప్పుడు అసలు ఆగడం లేదు."