మూడింటి ఎండలో చూడవలసిన ఇల్లు

నిన్న మధ్యాహ్నం కతర్‌గామ్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పై అంతస్తు ఫ్లాటు తలుపు తీశాను. నెలల తరబడి మూసి ఉంచిన ఇల్లు. మే నెల ఎండకి గోడల రంగు కాగి, దుమ్ముతో కలిసి, ఇస్త్రీపెట్టె కింద పాతగుడ్డ వాసనలాంటిది ముఖాన కొట్టింది. కొనడానికి వచ్చినాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగిపోయాను. ఆ వాసనకి మట్టికుండ నీళ్ల చల్లదనం కూడా తోడైతే, అది సత్తవ్వ ఇల్లే.

సూరత్‌లో ఇళ్ల బేరాలు కుదర్చడం ఇప్పుడు నా బతుకుతెరువు. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో మాత్రం పర్వత్ పాటియా దగ్గర ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని. చదువు మధ్యలోనే ఆగినా అంకెలంటే ఇష్టం. వడ్డీలూ చదరపు అడుగులూ నాకు నేనే నేర్చుకున్నాను. మగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాలవాళ్లు ఇల్లు కొనేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్లేవాళ్లు. ఏ కాలంలో ధర ఎటు వంగుతుందో గమనించడం అలా అలవాటైంది. దీపావళి దాటి చల్లబడితే బేరాలు ఊపందుకుంటాయి. ఎండలు ముదిరితే పై అంతస్తుల ధర దిగుతుంది, వానలు పడితే కింది అంతస్తులది. ఇంతవరకు తెలిశాక, ఎండావానల గురించి నేను నేర్చుకోవలసింది ఇంకేమీ లేదనుకున్నాను.

సత్తవ్వ మా వెనక వీధిలో, మూడో అంతస్తులో, సరిగ్గా కప్పు కింద ఉండేది. సిరిసిల్ల వైపు మనిషి. భర్తది రైల్వేలో పట్టాల పని. పెళ్లైన నాటి నుంచి ఆమె కాపురమంతా బికనేర్ ఎడారిలోనే గడిచింది. ఆయన రిటైరయ్యాక, ఆమె తమ్ముడు ఉన్న సూరత్‌కి వచ్చి ఆ ఫ్లాటు కొనుక్కున్నారు. నాకు పరిచయమయ్యే నాటికి ఆయన పోయాడు. ఆమె మోకాళ్ల నొప్పితో ఒక్కో అంతస్తులో ఆగి, మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లని పలకరించేది. నన్నూ అలాగే పట్టుకుంది. ఒక జనవరిలో నేను కింది అంతస్తులో ఒక ఇల్లు చూసి, బయానా ఇచ్చేద్దామనుకుంటున్న రోజు అది.

"ఏం నర్సయ్యా, ఇల్లు జూసినవట?"

"చూసిన అవ్వా. మస్తు చల్లగున్నది."

"జనవరిల చల్లగుండని ఇల్లు ఏడున్నది కొడుకా? చలికాలంల ఇల్లు జూసుడంటే, పెండ్లినాడు జూసి మొగని గుణం చెప్పినట్టే. వానలల్ల బోయి గోడను చేత్తోని ఒత్తి జూడు."

నవ్వుకున్నాను గానీ ఆగాను. జూలై వానలో మళ్లీ వెళ్లాను. కొత్త రంగు కింద గోడ మోకాలెత్తు దాకా నాని ఉంది. అరచేయి తీస్తే సున్నం పెళ్లలు చేతికి అంటుకున్నాయి. ఇంటాయన మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇల్లు వదిలేసి, పక్క వీధిలో మొదటి అంతస్తు కొన్నాను. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను.

ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా ఆమె దగ్గర కూర్చునేవాణ్ని. బికనేర్‌లో తాముండిన గల్లీ సంగతులు చెప్పేది. అక్కడ ఇల్లు అమ్మేవాళ్లు, వేడిగాలి వీచే నెలల్లోనే, అదీ మధ్యాహ్నం మూడింటికే చూపించేవాళ్లట. ఆ గాలిని వాళ్లు లూ అంటారు. కొనేవాడు చెవులకి గుడ్డ చుట్టుకుని, ఆ గాలిలో నడిచి వస్తాడు. తలుపులూ కిటికీలూ బిగించిన గదిలో కూర్చోబెట్టి ముంతెడు నీళ్లిస్తారు. అతని చెవుల వేడి దిగేదాకా ధర మాట ఎవరూ ఎత్తరు. రాతిగోడ మందంగా ఉండి, తలుపులు సరిగ్గా పడితే ఆ వేడి తొందరగా దిగుతుంది. దిగాక అతనే ధర అడుగుతాడు. చలికాలంలో కొనేవాళ్లు ఎక్కువమంది వచ్చినా, ఎండకాలంలో వచ్చినవాడి మాటే మాటగా చూసేవాళ్లట.

సూరత్‌లో ఆమెకే ఇల్లు అమ్మవలసి వచ్చింది. కూతురిది బార్డోలీ, అల్లుడు చక్కెర మిల్లులో పని. కూతురింటి పక్కనే, మెట్లు ఎక్కనవసరం లేని రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. వానలు మొదలయ్యేదాకా ఆగుతానని దాని యజమాని మాటిచ్చాడు. ఇక్కడ ఫ్లాటు అమ్మితేనే అక్కడ కొనగలదు. అప్పటికి ఏప్రిల్ చివర. పై అంతస్తు అమ్మడానికి అంతకన్నా చెడ్డ కాలం లేదు. ఆమె మెట్లు దిగడమే మానేసింది. కూరగాయలు నేనే పట్టుకెళ్లేవాణ్ని.

"చలికాలం దాకా ఆగితే మంచి ధర వస్తది అవ్వా," అన్నాను.

"ఆ ఇంటాయన ఆగుతడా? నా మోకాళ్లు ఆగుతయా?"

"అట్లయితే పొద్దుగాల ఏడింటికి చూపిద్దాం. కమ్మగుంటది."

"పొద్దుగాల జూసి కొన్నోడు మద్దినాల నన్ను తిట్టుకుంటడు. బార్డోలీల బువ్వ తింటుంటే నాకు పొలమారుతది. మూడింటికే పిలువు."

మూడింటికే పిలిచాను. ఆమె బికనేర్ పద్ధతి ప్రకారం పొద్దున్నే కిటికీలన్నీ బిగించి, పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టేది. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ముంతతో నీళ్లిచ్చేది. కానీ అక్కడ రాతిగోడలు, ఇక్కడ పల్చటి ఇటుక గోడ, నెత్తిన కాలే కప్పు. చెవుల వేడి దిగకపోగా చెమట కాలువలు కట్టేది. ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం నీళ్లు తాగి దండం పెట్టి వెళ్లిపోయింది. ఒకాయన నీళ్లు కూడా తాగలేదు. మెట్ల మీంచే, "గిది ఇల్లా, రొట్టెల బట్టీనా!" అన్నాడు. ఆమెకి వినబడింది. ముంత కడిగి బోర్లించి, "రేపు ఇంకెవ్వరన్న ఉన్నరా?" అని మాత్రం అడిగింది. మే నెల సగం దాటింది. బార్డోలీ నుంచి కూతురు ఫోన్ చేసింది. ఆ ఇంటాయన వేరేవాళ్లకి చూపిస్తున్నాడట.

ఆ వారంలోనే రాజేశం, లావణ్య అనే కొత్త జంట వచ్చారు. లావణ్య సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ముంత సగం తాగి, చున్నీతో విసురుకుంటూ లేచింది.

"అవ్వా, నాకు దమ్ము ఆడ్తలేదు. ఈ బారీ జర తెరుస్తా," అంటూ పడమటి కిటికీ మీద చెయ్యి వేసింది.

"వద్దు బిడ్డా! లూ కొడ్తది!"

"లూ ఏంది అవ్వా? ఇది సూరత్. ఈ టైంకి దరియా గాలి వస్తది," అని ఆ పిల్ల గోనెపట్టా పక్కకి లాగి గడియ తీసేసింది.

గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. గోడ మీద క్యాలెండర్ పటపటమంది. కుండ మీది స్టీలు మూత దొర్లి కింద పడింది. ఉప్పుతడి, దూరపు మగ్గాల నూనెవాసన కలిసిన గాలి. రాజేశం చొక్కా పైగుండీ విప్పుకుని, "అబ్బ!" అన్నాడు. సత్తవ్వ గోడ పట్టుకుంటూ లేచి వెళ్లి, రెండు చేతులూ కిటికీ చువ్వల బయటికి పెట్టింది. అలా చాలాసేపు నిలబడింది.

"ఇది లూ గాదు," అంది నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగింది. "ఆయన ఈ కిటికీ కిందనే పండుకుంటుండె, నర్సయ్యా. ఎండకాలమంత పొద్దుగాల లేచి నేనే మూస్తుంటి."

కాసేపటికి రాజేశం, ధర ఎంత అని అడిగాడు.

"ఆగు బిడ్డా," అంది ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని. "గాలి జూసి మోసపోకు. స్టూలెక్కి కప్పు మీద చెయ్యి పెట్టు."

అతను పెట్టి, చటుక్కున తీసేశాడు. "కాలుతున్నది అవ్వా."

"వానలొచ్చేదాక రోజు ఇట్లనే కాలుతది. ఇప్పుడు అడుగు ధర."

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గాలైతే వస్తున్నది గదా," అంది లావణ్య. బేరం కుదిరింది. మొదటి వాన పడకముందే సత్తవ్వ బార్డోలీ చేరింది.

ఆగస్టులో చూడ్డానికి వెళ్లాను. నేలమీది ఇంట్లో, కిటికీ పక్కన, వాన తుంపర మీద పడుతున్నా జరగకుండా కూర్చుంది. "వచ్చిన నాడే పక్కింటోళ్లను అడిగిన," అంది. "ఏ నెల ఏ దిక్కు గాలి, ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తరని. తెల్వదని అడుగుతె నోరు అరుగుతదా?" ఆమెని చూడటం అదే ఆఖరు. ఆ తర్వాతి చలికాలంలో పోయింది.

నేటికీ కొనేవాళ్లని నేను మూడింటికే పిలుస్తాను. పొద్దున చూస్తామంటే, మూడింటికి ఇంకోసారి రమ్మంటాను. దానివల్ల కొన్ని బేరాలు పోతాయి. నిన్న కతర్‌గామ్ ఫ్లాటులోకి అడుగుపెట్టగానే పడమటి కిటికీ దగ్గరికి నడిచి, తుప్పుపట్టిన గడియని గుద్ది తీశాను. గాలి వచ్చింది. కొనడానికి వచ్చినాయన ముక్కు మీది రుమాలు తీసి జేబులో పెట్టుకుని, ధర ఎంత అన్నాడు.

నేను మూలనున్న స్టూలు ఆయన ముందుకి జరిపాను.