పలాస కాల్ సెంటర్‌కి సరిపోని సర్వర్

పలాసలో మా కంపెనీ పెట్టిన కాల్ సెంటర్‌లో మాటలు మధ్యలో తెగిపోతున్నాయి, వైర్లు చూసి రమ్మని మా మేనేజరు పంపాడు. ఉద్దానం కిడ్నీ రోగులు డయాలసిస్‌కు వంతు రాయించుకునే నంబరు అది. విశాఖలో ఉదయం ఆరింటికి పాసింజరు ఎక్కాను. కట్టుకెళ్ళిన ఇడ్లీలు శ్రీకాకుళం రోడ్ వచ్చేలోగా అయిపోయాయి.

అక్కడ ఎక్కి నా ఎదుట కూర్చున్న అప్పలనరసమ్మది పూండి దగ్గర పల్లె. నేను వెళ్ళే పని విని నా వైపు తిరిగింది.

"ఆ నంబరుతో ఏటి లాభమమ్మా? పొద్దుట ఎన్నిసార్లు సేసినా బిజీయే. మొన్న వంతు దొరక్క మా ఇంటాయన రెండ్రోజులు ఊపిరాడక మంచం మీద కూకునే ఉన్నాడు."

వైర్ల తేడా అయుంటుందని ఏదో నసిగాను. ఆమె పూండిలో దిగిపోయింది.

పదకొండుకు పలాస చేరి షేర్ ఆటోలో సెంటర్‌కి వెళ్ళాను. వైర్లకేమీ కాలేదు. అక్కడ పన్నెండు మంది అమ్మాయిలు పనిచేస్తారు. కాల్స్ అందుకునే సర్వర్ మాత్రం ఒకేసారి ఎనిమిది కాల్స్‌కే చోటిస్తుంది. తొమ్మిదో మనిషికి బిజీ.

"ఏడు నుంచి తొమ్మిది దాకా అందరూ ఒక్కసారే సేత్తారు మేడమ్. మా పిల్లలు నలుగురు ఖాళీగా కూకుంతారు. పై ఆఫీసుకి మూడుసార్లు రాసినాను, పలికినోడు లేడు" అన్నాడు సూపర్‌వైజరు ధర్మారావు.

ఎంత సర్వర్ కావాలో లెక్కగట్టిన కాగితాలు తీయించాను. రోజంతా వచ్చే కాల్స్‌ని ఇరవై నాలుగు గంటలకూ సమానంగా పంచేశారు. అర్ధరాత్రి వంతు కోసం ఎవరు ఫోన్ చేస్తారు? ఇంటర్నెట్ లైను కూడా ఆ లెక్కతోనే చిన్నది తీసుకుని, దాని మీదే ఆఫీసు కెమెరాలు నడుపుతున్నారు. మాట తెగేది అందుకే. ఒళ్ళు మండిపోయింది. ఈ ఘనకార్యం ఎవరిదా అని చివరి పేజీ తిప్పాను. సరిచూసినవారి చోట నా సంతకం ఉంది. చదవకుండానే పెట్టాను.

తిరుగు రైలు మానుకుని స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. దోమతెర అడిగితే ఇస్తారు.

మర్నాడు ఆరున్నరకే వెళ్ళి కెమెరాలను ఆ లైను నుంచి తప్పించాం. సర్వర్‌కి బరువు తగ్గేలా తొమ్మిది వరకూ కాల్స్ రికార్డు చేయడం ఆపి, పన్నెండు కాల్స్‌కి తెరిచాం. ఏడయ్యేసరికి పన్నెండు మందీ ఎడతెరిపి లేకుండా మాట్లాడుతున్నారు. ధర్మారావు టీ తెప్పించాడు. కానీ ఇది మూణ్ణాళ్ళ ముచ్చటే, పెద్ద సర్వర్ రావలసిందే. ఏడు నుంచి తొమ్మిది దాకా ఉండే రద్దీని బట్టి కొత్త లెక్క రాసి, మేనేజరుకీ, మాకు ఈ పని అప్పగించిన ఆసుపత్రి వాళ్ళకీ పంపాను.

మధ్యాహ్నం రైలు నౌపడ దాటాక మేనేజరు ఫోన్ చేశాడు. రోజుకు రెండు గంటల కోసం అంత సర్వరెందుకని విసుక్కున్నాడు.

"ఆ రెండు గంటల కోసమే సార్ కొనేది. మిగతా టైముకైతే ఇప్పుడున్నదే ఎక్కువ."

ఆసుపత్రి వాళ్ళు కూడా పెద్ద సర్వరే కావాలన్నారట. ఆర్డరు పెడతానని గొణిగి ఫోన్ పెట్టేశాడు. కిటికీలోంచి కొబ్బరితోటలు వెనక్కి పోతున్నాయి. శ్రీకాకుళం రోడ్ దాటినా నా కోపం తగ్గలేదు. అందులో సగానికి పైగా నా మీదే.